రంగు సంగతి తర్వాత, ముందు ఆయిల్ సంగతి: 1984 బుల్లెట్‌తో నా అనుభవం

పాత బుల్లెట్ బాగు చేస్తున్నానని ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే: "ఏం రంగు వేయిస్తున్నావు?" ఆ తర్వాత సైలెన్సర్ సంగతి. క్రోమ్ ఎంతవుతుంది, సీటు ఏ మోడల్, హ్యాండిల్ వెడల్పుదా పొట్టిదా. ఇంజిన్‌లో ఆయిల్ పైదాకా ఎక్కుతోందా అని అడిగిన మనిషి నాకు ఒక్కరే దొరికారు. ఆయన తెనాలిలో షెడ్డు మూసేసి ఇంటిపట్టున ఉంటున్న పాత బుల్లెట్ మెకానిక్. అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. పని చేసింది నేనే, మా ఇంటి వరండాలోనే. కానీ సాయంత్రం పూట కుర్చీ వేసుకుని కూర్చుని "అది విప్పమాక బాబూ, ముందు ఇది చూడు" అని ఆయన చెప్పకపోతే ఈ బండి ఇప్పటికీ అట్టపెట్టెల్లోనే ఉండేది.

బండి మా మేనమామది. 1984 మోడల్ బుల్లెట్ 350. అప్పటికి కంపెనీ పేరు ఎన్‌ఫీల్డ్ ఇండియా. మన సైన్యం కోసం 800 బుల్లెట్లు కావాలని ప్రభుత్వం ఆర్డరిచ్చాక, 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండ్ కంపెనీతో కలిసి మొదలుపెట్టిన సంస్థ అది. ఫ్యాక్టరీ మద్రాసు తిరువొత్తియూర్‌లో. 1994లో ఐషర్ కంపెనీ చేతికి వచ్చాకే ఇక్కడి కంపెనీ పేరు రాయల్ ఎన్‌ఫీల్డ్ అయింది. అందుకే ఈ బండి ట్యాంకు మీద 'రాయల్' అని స్టిక్కర్ వేయించమని సలహా ఇచ్చిన కుర్రాళ్లకు నేను వద్దనే చెప్పాను.

మామయ్య పోయాక దాన్ని ఎవరూ తీయలేదు. పశువుల కొట్టంలో ఓ మూల, ఊక బస్తాల వెనక ఉండిపోయింది. అడిగితే అత్తయ్య వెంటనే ఒప్పుకుంది. "తీసుకుపోరా అబ్బాయ్, ఆ మూల ఖాళీ అయితే కట్టెలన్నా పేర్చుకుంటాను" అంది. సైలెన్సర్ కొసన కందిరీగలు మట్టిగూడు కట్టాయి. సీటు స్పాంజిలో ఎలుకలు కాపురం పెట్టాయి. రెండు టైర్లూ నేలకు అంటుకుపోయి పగిలాయి. కానీ బండి మీద ఎవరి చెయ్యీ పడలేదు. పాత బండి కొనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: తుప్పు పట్టినదాన్ని కొనండి గానీ, ఎవరో సగం విప్పి సంచిలో పోసిచ్చినదాన్ని మాత్రం కొనకండి. తుప్పు లెక్క కంటికి కనిపిస్తుంది. సంచిలో ఏం లేదో కనిపించదు.

స్పానర్ పట్టుకోక ముందే ఆర్‌సీ పుస్తకం వెతికించాను. అందులో రాసున్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదవాటితో సరిపోవాలి. ఇంజిన్ నంబరు బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) కింద క్రాంక్ కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) మీద ఉంటుంది. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గర. కిరోసిన్‌తో తుడిచి, తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు దిగాయి, సరిపోయాయి. ఇవి కలవకపోతే బండి ఎంత అందంగా తయారైనా రోడ్డెక్కదు. ఎంతమంది ఈ పని చివరికి పెట్టుకుని లబోదిబోమంటారో ఆర్టీఓ ఆఫీసు ముందు గంటసేపు నిలబడితే తెలుస్తుంది.

కిక్ దిగలేదు. పిస్టన్ పట్టేసింది. నేను బలంగా తొక్కబోతుంటే భాయ్ ఆపారు. "కొట్టమాక బాబూ. రింగు విరిగితే బోరు గీసుకుపోద్ది." ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి వదిలేశాం. రోజూ సాయంత్రం ఇంకాస్త పోయడం, నాలుగో గేర్‌లో వేసి వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపడం. వారం దాటాక ఒకరోజు చక్రంతో పాటు లోపల ఏదో మెత్తగా కదిలింది.

ఇక ఆయిల్ గురించి చెప్పాలి. అసలు ఈ ఇంజిన్ బతుకంతా దాని మీదే ఉంది. పాత బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా ఉండదు, క్రాంక్ కేసు పోతలోనే వెనకవైపు ఒక అర ఉంటుంది. రెండు పంపులు. ఒకటి ఆ అరలోంచి ఆయిల్ తోడి క్రాంక్‌లోని బిగ్ ఎండ్‌కు, అంటే పిస్టన్ రాడ్ కింది కొస క్రాంక్‌ను పట్టుకునే చోటికి, పంపుతుంది. రెండోది అక్కడినుంచి కారి కింద చేరినదాన్ని మళ్లీ తోడి, పైన వాల్వులను నొక్కే రాకర్లకు ఇచ్చి, అరలోకి తెస్తుంది. పంపే పంపు కన్నా తోడే పంపు సామర్థ్యం ఎక్కువ, కింద మడుగు కట్టకూడదని. బండి నెలల తరబడి కదలకుండా నిలబడితే ఆయిల్ పంపు సందులోంచి మెల్లగా దిగిపోయి క్రాంక్ దగ్గర నిండిపోతుంది. అది తెలియక డిప్ స్టిక్ చూసి "ఆయిల్ లేదు" అని ఇంకో రెండు లీటర్లు పోసి కిక్ కొట్టేవాళ్లున్నారు. ఆ దెబ్బకు సీళ్లు తన్నుకుని బయటికొస్తాయి, ఇల్లంతా తెల్లపొగ.

మా బండి డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ కారలేదు, తారులా సాగింది. అడుగున బూడిదరంగు ముద్ద. టైమింగ్ కవర్ విప్పి పంపు డిస్కులు తీశాను. వాటి ముఖాల మీద సన్నటి గీతలు. కొత్తవి తెద్దామన్నాను. భాయ్ ఇంట్లో అద్దం ముక్క ఉందా అని అడిగారు. అద్దం నున్నగా, సమంగా ఉంటుంది కదా, దాని మీద సన్నరకం వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ చుక్క, రెండు చుక్కల ఆయిల్ వేసి, డిస్కును ఒక వేలితో నొక్కి ఎనిమిది అంకె రాస్తున్నట్టు తిప్పమన్నారు. తుడిచి చూస్తే గీతల చుట్టూ బూడిదరంగు మెరుపు పాకుతూ వస్తుంది. ముఖమంతా ఒకే రంగులోకి వచ్చేదాకా అదే పని. చెయ్యి నొప్పి పుట్టింది గానీ, ఆ డిస్కులే ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

అదే కవర్‌లో ఇంకో చిన్న వస్తువు ఉంది: క్రాంక్ కొసకు ఆయిల్ అందించే చోట కూర్చునే కార్క్ సీల్. చిటికెన వేలి గోరంత. అది ఎండి కుంచించుకుపోతే ఆయిల్ బిగ్ ఎండ్ దాకా వెళ్లకుండా పక్కకు జారిపోతుంది. బయటికి ఏ లీకూ కనిపించదు. బండి బ్రహ్మాండంగా నడుస్తూనే ఓరోజు లోపల టకటకమంటుంది, అంతే. మాదాంట్లోది ముట్టుకుంటే పొడి అయింది. వెల చూస్తే టీ డబ్బులు కూడా కాదు. ఇంజిన్ మొత్తం విప్పినా విప్పకపోయినా దీన్ని మాత్రం మార్చి తీరాలి.

హెడ్, బోరు దింపాక కనెక్టింగ్ రాడ్‌ను రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ లాగి చూశాం. బిగ్ ఎండ్‌లో ఆట లేదు. ఈ తరం 350లో బిగ్ ఎండ్‌కు రోలర్ బేరింగ్ బదులు ఫ్లోటింగ్ బుష్ (వదులుగా తిరిగే గొట్టం లాంటి రింగు) ఉంటుంది. శుభ్రమైన ఆయిల్ అందితే చాలాకాలం వస్తుంది. కాబట్టి కింది సగాన్ని విప్పకూడదని నిర్ణయించాం. స్నేహితులు కొందరు "ఎలాగూ విప్పావు, మొత్తం చేయించెయ్" అన్నారు. బాగున్న క్రాంక్‌ను ప్రెస్‌లో పెట్టి విడగొట్టి మళ్లీ అంత తిన్నగా కలిపే చేతులు ఇప్పుడు తక్కువ. బాగున్నదాన్ని బాగు చేయబోయి పాడు చేసుకోవడం నాకిష్టం లేదు.

బోరు మాత్రం తప్పలేదు. రింగులు అంటుకున్న చోట గోరు పెడితే తగిలేంత గాడి. 0.020 అంగుళం పెద్ద సైజు పిస్టన్‌కు రీబోర్ చేయించాలి. ఇక్కడ చాలామంది బోరు ముందు కోయించి, ఆ సైజు పిస్టన్ తర్వాత కొంటారు. డబ్బా మీద ఒకే సైజు రాసున్నా పిస్టన్‌కూ పిస్టన్‌కూ తేడా ఉంటుంది. నేను పిస్టన్ చేతిలో పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడి లేత్ షాపులో టర్నర్ పిస్టన్ స్కర్టు (కింది భాగం) దగ్గర మైక్రోమీటర్ పెట్టి, కాగితం మీద అంకె వేసుకుని, దానికి సందు కలిపి, అప్పుడు కట్టర్ దించాడు. పోత ఇనుము బోరు వేడెక్కాక పిస్టన్‌కు చోటుండాలి. సందు మరీ తక్కువైతే మళ్లీ పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు గలగలమంటుంది. వాల్వులు ఇంట్లోనే పేస్ట్ పెట్టి రుద్దాను. హెడ్‌ను తలకిందులు చేసి కిరోసిన్ పోస్తే తెల్లారేదాకా చుక్క దిగలేదు.

విడిభాగాల దగ్గరకొస్తే, ఈ బండికి దొరకని వస్తువంటూ లేదు. ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్, ఎక్కడ అడిగినా తెచ్చిస్తారు. సమస్యల్లా ఆ దొరికేది ఎలాంటిదన్నదే. కొత్త డబ్బాలో, కొత్త కవర్లో, హోలోగ్రామ్‌తో సహా వచ్చిన కండెన్సర్ (స్పార్క్ సర్క్యూట్‌లోని చిన్న భాగం) ఒక గంట నడిచి చచ్చిపోయింది. మామయ్య కాలం నాటి కండెన్సర్‌నే కడిగి తిరిగి పెడితే బండి మిస్ కొట్టడం మానింది. పెట్రోల్ ట్యాప్ కూడా అంతే. కొత్తది బిగించిన రాత్రే వరండాలో పెట్రోల్ వాసన. పాత ఇత్తడి ట్యాప్‌కు లోపలి వాషర్ మార్చితే సరిపోయింది. అరిగిన ఒరిజినల్‌కు, కొత్త డూప్లికేట్‌కు పోటీ పెడితే నా ఓటు అరిగినదానికే. కొత్తది బిగించి వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా పాతదాన్ని పారేయకండి. తిరిగాక కూడా పారేయకండి, డబ్బాలో వేసి పేరు రాసి పెట్టండి.

పనిముట్ల గురించి ఒక మాట. పాత బుల్లెట్ నట్లు చాలావరకు ఇంగ్లండ్ కొలతలవి. మన ఇళ్లలో ఉండే మిల్లీమీటర్ స్పానర్లు పట్టినట్టే పట్టి జారిపోతాయి, నట్టు మూలలు గుండ్రమైపోతాయి. ఆ కొలతల విట్‌వర్త్ స్పానర్ల సెట్ ఒకటి కొనుక్కుంటే సగం తిట్లు తగ్గుతాయి.

కరెంట్ పని అంటే అందరికీ భయం గానీ, ఈ బండిలో ఉన్నంత తక్కువ కరెంట్ ఇంకే బండిలోనూ ఉండదు. ఆరు వోల్టులు. పన్నెండుకు మార్చి, ప్లగ్‌కు స్పార్క్ వచ్చేలా తెరుచుకునే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమని షాపుల వాళ్లందరూ చెప్పారు. రాత్రిళ్లు హైవే మీద తిరిగేవాళ్లకు అది మంచి సలహానే. నాకు ఆ అవసరం లేదు. ఎలుకలు కొరికిన వైర్లు తీసేసి, అవే రంగుల్లో కొత్త వైరింగ్ వేసుకున్నాను. ఆరు వోల్టుల దగ్గర లైట్ మసకగా ఉందంటే తొంభై పాళ్లు ఎర్త్ సరిగా లేకే. ఛాసిస్‌కు ఎర్త్ తగిలే చోట రంగు గీకి ఇనుము తేలేలా చేస్తే బల్బు మారినట్టే వెలుగుతుంది.

టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) పెట్టిన సాయంత్రం బాగా గుర్తుంది. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పిస్టన్ కంప్రెషన్ మీద పైకొస్తూ, కొసకు ఇంకా 0.8 మిల్లీమీటర్ ఉందనగా ఆ పాయింట్లు విడిపోవాలి. ప్లగ్ రంధ్రంలో సైకిల్ స్పోక్ పెట్టి, పిస్టన్ తల కొస ఎక్కడో గుర్తుపెట్టి, అక్కడినుంచి ఆ కాస్త వెనక్కి తెచ్చాం. భాయ్ సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం చింపి పాయింట్ల మధ్య పెట్టి, మెల్లగా లాగుతూ డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పమన్నారు. కాగితం బిగిసి ఉంటుంది, బిగిసి ఉంటుంది, ఒక్కసారి ఊడొస్తుంది. అదే పాయింటు. అక్కడే బిగించాలి. బిగించేటప్పుడు మళ్లీ కదులుతుంది కాబట్టి మొత్తం మళ్లీ మొదటినుంచీ.

టాపెట్ల (వాల్వుల దగ్గరి సందు) సర్దుబాటుకు ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే రేకు, కూడా అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉండగా, పిస్టన్ కంప్రెషన్ కొస మీద ఉన్నప్పుడు, వాల్వును కదిలించే పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా ఉంది. బయట రంగు పాడవకుండా మైనం పట్టించి, టేపు చుట్టి, లోపల వెనిగర్ నింపి, గుప్పెడు నట్లు వేసి రోజూ ఊపాను. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆరిన వెంటనే లోపలంతా టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లకు పెట్రోల్‌లో కలిపే ఆయిల్) పట్టించకపోతే భోజనం చేసి వచ్చేసరికి మళ్లీ నారింజరంగు పొడి కనిపిస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం. అది గాల్లోని తేమను లాగుతుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. అందుకని పైపులన్నీ మార్చాను. నాలుగు రోజులకు మించి బండి తీయనంటే ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ అయిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపుతాను.

రంగు దగ్గరే ఇంట్లో గొడవ. కొత్త నలుపు వేయిస్తే పెళ్లికొడుకులా ఉంటుందని మా ఆవిడ. ట్యాంకు మీద ఏళ్ల దుమ్మును కటింగ్ పాలిష్‌తో తీస్తుంటే కింద నలుపు, దాని మీద బంగారు గీత బయటపడ్డాయి. ఆ గీతలు ఫ్యాక్టరీలో కుంచెతో చేత్తో గీసేవాళ్లు. దగ్గరగా చూస్తే మలుపు దగ్గర గీత కాస్త లావై మళ్లీ సన్నబడుతుంది. మామయ్య మోకాళ్లు తగిలిన చోట చెరిగిపోయింది. దాన్ని గీకి పారేసి స్టిక్కర్ అంటించడానికి చెయ్యి రాలేదు. ట్యాంకు, పక్క డబ్బాలు అలాగే ఉంచాను. పూర్తిగా తుప్పు తేలిన ఛాసిస్ భాగాలకు, మడ్‌గార్డ్‌ల లోపలి వైపుకు మాత్రం రంగు వేశాను.

క్రోమ్ విషయంలో నాకు అంత మంచి అనుభవం లేదు. ఓ ప్లేటింగ్ షాపుకు రిమ్‌లు, మడ్‌గార్డ్ స్టేలు (దాన్ని పట్టే కడ్డీలు) ఇచ్చాను. రేపు, ఎల్లుండి అంటూ రోజులు గడిపి, చివరికి రిమ్‌లు ఇచ్చారు, స్టేలు కనిపించలేదన్నారు. రిమ్‌లను కూడా గుంతలు పోయేలా అంత గట్టిగా రుద్దారంటే, స్పోక్ నిపుల్స్ (స్పోకును రిమ్‌కు బిగించే చిన్న నట్లు) కూర్చునే చోట అంచు పల్చబడింది. వాటికి స్పోకులు కట్టడానికి భాయ్ ఒప్పుకోలేదు. కొత్త 19 అంగుళాల రిమ్‌లు కొనాల్సొచ్చింది. ఇచ్చే ముందు ప్రతి ముక్కకూ ఫొటో తీసి, రసీదు మీద పేరుపేరునా రాయించుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు వీధిలో సగంమంది వచ్చారు. బుల్లెట్‌ను బలంతో కాదు, వరసతో స్టార్ట్ చేయాలి. తాళం తిప్పి, కిక్ మెల్లగా దించుతూ పోతే ఒకచోట గట్టిగా అడ్డుపడుతుంది. ఇంజిన్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ నొక్కి ఇంకొంచెం దించితే ఆంపియర్ మీటర్ ముల్లు మధ్యకొస్తుంది. లివర్ వదిలి, కిక్‌ను పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క తొక్కు, కాలు చివరిదాకా. మధ్యలో ఆపితే తిరిగి తంతుంది. కాసేపు ప్లగ్ తుడవడం, చోక్ సర్దడం అయ్యాక అందుకుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే భాయ్ మాత్రం వంగి, రాకర్‌కు వెళ్లే ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చేసి చూస్తున్నారు. అక్కడ ఆయిల్ ఉబికాకే లేచి, "ఇప్పుడు టీ చెప్పు" అన్నారు.

మిగిలింది కాగితాలు. మామయ్య పేరునుంచి మార్చుకోవడానికి ఫారం 31, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అత్తయ్యా పిల్లలూ అభ్యంతరం లేదని రాసిచ్చిన అఫిడవిట్. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఫారం 25తో రెన్యూవల్, ఆలస్యపు రుసుము, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, బండిని తీసుకెళ్లి ఇన్‌స్పెక్టర్‌కు చూపించడం. రెన్యూవల్ ఐదేళ్లకు ఇస్తారు. కొందరు దీన్ని వింటేజ్ కింద చేయించమన్నారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండి. నంబరులో వీఏ అక్షరాలొస్తాయి, రిజిస్ట్రేషన్‌కే రూ.20,000. పైగా దాన్ని రోజువారీ అవసరాలకు రోడ్డు మీద తిప్పకూడదు, ర్యాలీలూ ప్రదర్శనల లాంటివాటికే. మా బండికి ఆ వయసు ఇంకా రాలేదు, వచ్చినా నాకు అక్కర్లేదు. కూరగాయలకు వెళ్లడానికి పనికిరాని బండి నాకెందుకు?

కాగితాలతో సహా రూ.60 వేలు దాటింది. అందులో రిమ్‌లు, టైర్లు, లేత్ పనిదే పెద్ద వాటా. కొత్త పిస్టన్ కుదురుకునేదాకా గంటకు 50 కిలోమీటర్లు దాటించలేదు. గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. రోజూ స్కూటర్ నడిపే మా తమ్ముడు మొదటి మలుపులోనే బ్రేకనుకుని గేరు నొక్కాడు. వాడికి ఇంకా తాళం ఇవ్వడం లేదు. టైమింగ్ కవర్ అంచున సన్నగా ఆయిల్ చెమ్మ ఇప్పటికీ ఉంది. గ్యాస్కెట్ మారుద్దామా అంటే, "చెమ్మ ఉందంటే లోపల ఆయిల్ ఉన్నట్టే కదా బాబూ" అంటారు భాయ్. వానలు తగ్గాక కవర్ మళ్లీ విప్పుతాను, ఎలాగూ ఆ కార్క్ సీల్ ఎలా ఉందో ఒకసారి చూడాలి.